జీతం, అమానతు, ప్రభుత్వ కొలువు
మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలపై ఒక పరిశీలన

1853 మే 21వ తేదీన హైదరాబాదు రాజ్యానికీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం నాలుగవ ఆసఫ్‌జా నాసిరుద్దౌలా సారవంతమైన బేరారు సీమను, దానితోపాటు ధారాశివ్, రాయచూరు దోఆబ్ ప్రాంతాలను కంపెనీ యాజమాన్యం కింద పెట్టవలసి వచ్చింది. ఈ భూములు యుద్ధంలో ఓడిపోయి వదులుకున్నవి కావు. తిరుగుబాటు వల్ల చేజారినవీ కావు. నౌకర్లకు జీతాలు ఇవ్వలేక పోగొట్టుకున్నవి.

హైదరాబాదు కంటింజెంటు అనే సైన్యం ఒకటి ఉండేది. ఖర్చు నిజాముది, అధికారులు ఆంగ్లేయులు. నిజాము ఖజానా నుండి ఆ సైన్యానికి జీతాలు సకాలంలో అందేవి కావు. అందనప్పుడల్లా కంపెనీ తన బొక్కసం నుండి చెల్లించి, ఆ మొత్తాన్ని వడ్డీతో సహా నిజాము పేర అప్పుగా రాసుకునేది. ఆ అప్పు పెరిగి పెరిగి చివరకు గవర్నర్ జనరల్ డల్హౌసీ చేతిలో ఆయుధమైంది. ఇంత పెద్ద సైన్యాన్ని నిజాము నెత్తిన రుద్దడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. న్యాయం కాదని చెప్పిన ఆంగ్లేయులు కూడా ఉన్నారు. అయితే జీతాల బకాయి ఒక రాజ్యాన్ని ఎంతవరకు తీసుకుపోగలదో గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఒప్పందం జరిగిన అయిదు రోజులకు దీవాన్ సిరాజుల్‌ముల్క్ మరణించాడు. మే 31న ఆయన సోదరుని కుమారుడు మీర్ తురాబ్ అలీ ఖాన్ దీవాన్ పదవిని స్వీకరించాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై నాలుగేండ్లు. చరిత్రలో మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడైనవాడు ఇతడే. ఖాళీ ఖజానా, జీతం అందని సైనికులు, నమ్మదగని ఉద్యోగులు అతనికి దక్కిన వారసత్వం.

పాత ప్రశ్న

ప్రభుత్వోద్యోగి నిజాయితీగా ఎందుకు పనిచేయాలి? పనిచేసినవాడు ఆ కొలువులో ఎందుకు నిలవాలి? ఈ ప్రశ్న హైదరాబాదుతో మొదలైనది కాదు. ఇస్లామీ ప్రభుత్వం తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే ఇది ముందుకు వచ్చింది.

జకాత్ ఎవరెవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. నిరుపేదల, అక్కర గలవారి తర్వాత మూడవ స్థానంలో ఉన్నది జకాత్ వసూలుకు నియమింపబడిన ఉద్యోగులే. వసూలు చేసేవాడు తన కూలిని ప్రజల నుండి చాటుగా రాబట్టుకోనక్కరలేదు. ఆ నిధిలోనే అతనికి బహిరంగమైన హక్కు ఉన్నది.

హక్కు ఇచ్చిన చోటనే హద్దు కూడా గీయబడింది. ఇబ్నుల్ లుత్బియ్యా అనే జకాత్ ఉద్యోగి మదీనాకు తిరిగివచ్చి, ఇది మీకు చెందినది, ఇది నాకు కానుకగా వచ్చినది అన్నప్పుడు దైవప్రవక్త (స) ఎంతగా ఆగ్రహించారో హదీసు గ్రంథాలు చెబుతాయి. తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక అతన్ని వెతుక్కుంటూ వచ్చేదా అని ప్రవక్త (స) మింబరుపై నుండి ప్రశ్నించారు. కానుక మనిషికి కాదు, కుర్చీకి వచ్చిందన్నది ఆ ప్రశ్నలోని భావం.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా ఎన్నికైన తర్వాత కూడా బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారని చరిత్రకారులు రాశారు. ప్రజల పని చూడవలసినవారు వ్యాపారంలో మునిగితే ఎట్లా అని సహచరులు ఆయనను ఆపి, బైతుల్‌మాల్ నుండి కుటుంబ పోషణకు సరిపడే భృతి నిర్ణయించారు. అంతటి పుణ్యాత్ముని విషయంలోనే సహాబాలు కేవలం సేవాభావంపై భారం వేయలేదు. ఇంటి చింత తీర్చి మరీ పని అప్పగించారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన ఒక సంభాషణను ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో భద్రపరిచారు. ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై రాసిన గ్రంథమది. ప్రవక్త (స) సహచరులను వసూళ్ళ పనుల్లో పెట్టి మలినపరుస్తున్నారని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఉమర్ (రజి)ని నిలదీశారు. ధర్మపరుల సహాయం కాక మరెవరి సహాయం తీసుకోవాలని ఉమర్ (రజి) బదులిచ్చారు. అట్లాగైతే వారికి ద్రోహం చేసే అవసరమే లేనంతగా జీతమివ్వండి అని అబూ ఉబైదా (రజి) చెప్పిన మాట పాలనా శాస్త్రంలో ఒక మూలసూత్రం. గమనించవలసిన విషయమేమంటే, ఆ మాట లోభుల గురించి చెప్పినది కాదు. సహాబాల వంటి సత్పురుషుల గురించి చెప్పినది. మంచివాడిని నియమించడంతో పాలకుని బాధ్యత తీరిపోదు. ఆ మంచివాడు మంచివాడుగానే మిగిలే ఏర్పాటు చేయడం కూడా పాలకుని బాధ్యతే.

ఉమర్ (రజి) దీనికి రెండవ పక్కను కూడా జోడించారు. అధికారిని నియమించేటప్పుడు అతని ఆస్తిని లెక్క రాయించేవారు. తర్వాత అది కారణం లేకుండా పెరిగితే సంజాయిషీ అడిగేవారు. గవర్నర్లపై వచ్చిన ఫిర్యాదులను విచారించడానికి ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ని పంపేవారు. చాలినంత జీతం, ఆపైన లెక్క. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకున్నా రెండవది నిలవదు.

బకాయిలు మింగిన రాజ్యం

హైదరాబాదులో ఈ రెండూ లోపించిన కాలం దీర్ఘమైనది. చందూలాల్ 1843లో రాజీనామా చేసే వరకు మూడు దశాబ్దాలకు పైగా వ్యవహారమంతా అతని చేతి మీదుగా నడిచింది. ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు చేయడం అప్పటి పద్ధతి. సైన్యపు జీతాల కోసం విలియం పామర్ కంపెనీ వద్ద భారీ వడ్డీకి సొమ్ము తీసుకోబడింది. ఆ కంపెనీ బాకీ తీర్చడానికి 1823లో నిజాము మరొక హక్కును వదులుకున్నాడు. ఉత్తర సర్కారుల కోసం, అనగా నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతం కోసం, ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా చెల్లించే 7 లక్షల రూపాయల పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. ప్రతిఫలంగా ఒకేసారి లభించినది సుమారు 1 కోటి 16 లక్షలు. ముప్పై ఏండ్ల తర్వాత బేరారు సీమ కూడా అదే దారి పట్టింది.

రాజధానిలో అరబ్బు జమాదార్లు, రోహిల్లాలు బలవంతులై ఉండేవారు. జీతం రాని సైనికుడు ఊరుకోడు కదా. తమ బాకీల కింద వారు తాలూకాలను, కోటలను తాకట్టు పట్టారు. ప్రభుత్వానికే అప్పులిచ్చారు. బాకీదారులను తమ సొంత ఠాణాలలో బంధించేవారు. నౌకరు యజమానికి అప్పిచ్చే స్థితి వచ్చినప్పుడు ఆజ్ఞ ఎవరిది, విధేయత ఎవరిది అన్న ప్రశ్నకు అర్థముండదు.

జిల్లాలలో స్థితి ఇంతకంటె దయనీయం. శిస్తు వసూలు ఇజారా పద్ధతిలో సాగేది. తాలూక్‌దారు అంటే అప్పట్లో జీతగాడు కాడు, గుత్తేదారు. వసూలైన ప్రతి రూపాయిలో అతనికి రెండణాలు దక్కేవి. పదవి కోసం ముందుగా నజరానా చెల్లించాలి. ఎవరైనా ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడితే ఏ క్షణాన్నైనా పదవి ఊడవచ్చు. రేపు ఉంటానో లేదో తెలియనివాడు రైతుకు వచ్చే ఏడు విత్తనం మిగులుతుందా అని ఆలోచించడు. ఇచ్చిన నజరానాకు రెట్టింపు రాబట్టుకోవడమే అతని ఉద్యోగధర్మం. ఇమామ్ అబూ యూసుఫ్ ఎనిమిదవ శతాబ్దిలోనే, ఇరాక్ సవాద్ భూముల శిస్తును గుత్తకివ్వవద్దని హారూన్ రషీద్‌ను హెచ్చరించినది ఈ కారణంతోనే. గుత్తేదారు తన లాభం కోసం ప్రజలపై మోయలేని భారం మోపుతాడని, నేల పాడవుతుందని ఆయన వివరించారు. వెయ్యేండ్ల తర్వాత తెలంగాణ రైతు ఆ హెచ్చరికలోని సత్యాన్ని అనుభవించాడు.

వేలం నుండి వేతనానికి

సాలార్‌జంగ్ దీవాన్ కాకముందు తెలంగాణలో కొంతకాలం స్వయంగా తాలూక్‌దారుగా పనిచేశాడు. కనుక రోగం ఎక్కడున్నదో అతనికి పుస్తకాల ద్వారా తెలియలేదు, కళ్ళారా చూశాడు.

అతడు మొదట చేపట్టినది బాకీల లెక్క. అరబ్బు జమాదార్ల, సాహుకార్ల క్లెయిములను విచారింపజేసి, నిజమైనవాటిని క్రమంగా తీర్చుతూ, తాకట్టులోనున్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. ఆదాయం వచ్చిచేరే కేంద్ర ఖజానాను కట్టుదిట్టం చేశాడు. జీతమిస్తామన్న మాట నిలవాలంటే ముందు ఇవ్వడానికి సొమ్ము ఒకచోట ఉండాలి. సంస్కరణకు ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు ఇజారాదార్ల స్థానంలో జీతగాళ్ళను నియమించడం. 1865లో జిలాబందీ అమలులోకి వచ్చింది. దీవానీ ప్రాంతం సుబాలుగా, జిల్లాలుగా విభజింపబడింది. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అతని కింద రెండవ, మూడవ తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దారు ఏర్పడ్డారు. పోలీసు, న్యాయ శాఖలు వేరుచేయబడ్డాయి. 1860ల చివరలో ఈ శాఖలపై సద్రుల్‌మహాములు నియమితులయ్యారు. తాలూక్‌దారు అన్న మాట మారలేదు, దాని అర్థం మాత్రం మారిపోయింది. నిన్నటి దాకా పదవిని కొనుక్కున్నవాని పేరది. నేడు నెలజీతం తీసుకుని లెక్క అప్పగించేవాని పేరు.

ఈ మార్పుకు ఫలితం త్వరలోనే కనిపించింది. ఆదాయం పెరిగింది, ఖజానాపై సాహుకార్లకు నమ్మకం కుదిరింది. 1860లో కంపెనీ వారసుగా వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం 50 లక్షల అప్పును రద్దుచేసి, ధారాశివ్, రాయచూరు దోఆబ్ ప్రాంతాలను తిరిగి ఇచ్చింది. ఇది 1857లో సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షాన నిలిచినందుకు దక్కిన ప్రతిఫలమన్నది అందరికీ తెలిసినదే. ఆ వైఖరిని సమర్థించనివారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. కాని జిల్లా పాలనలో అతడు చేసిన పని విలువను ఆ విమర్శ తగ్గించజాలదు.

పిలిచి తెచ్చుకున్న అధికారులు

కొత్త పద్ధతికి కొత్త మనుషులు కావాలి. రాజధానిలో దారుల్ ఉలూమ్ వంటి విద్యాలయాలు నెలకొల్పబడ్డాయి. అయితే విద్యాలయం నాటిన ఏడాదికే ఫలించే చెట్టు కాదు. కనుక 1870లలో సాలార్‌జంగ్ ఉత్తర హిందూస్థానం వైపు చూశాడు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ అతని ఆంతరంగిక కార్యదర్శిగా వచ్చాడు. 1874లో సయ్యద్ మెహ్దీ అలీ, తర్వాత ముష్తాఖ్ హుసేన్, 1877లో చిరాగ్ అలీ, డిప్యూటీ నజీర్ అహ్మద్ వచ్చారు. మెహ్దీ అలీ మొహ్సినుల్‌ముల్క్‌గా, ముష్తాఖ్ హుసేన్ విఖారుల్‌ముల్క్‌గా ప్రఖ్యాతులయ్యారు.

వీరు ఎందుకు వచ్చారు? జీతం ఎక్కువ అన్నది ఒక కారణం, నిస్సందేహంగా. కాని అదొక్కటే కాదు. బ్రిటిష్ ప్రాంతంలో హిందూస్థానీ ఉద్యోగి ఎంత సమర్థుడైనా సాధారణంగా డిప్యూటీ కలెక్టరు మెట్టు దగ్గర ఆగిపోయేవాడు. ఆ పైమెట్లకు పరీక్ష లండనులో జరిగేది. మెహ్దీ అలీ చిన్న గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, స్వశక్తితో మీర్జాపూర్ డిప్యూటీ కలెక్టరు అయ్యాడు. అక్కడ అతని ముందున్నది గోడ. హైదరాబాదులో రెవిన్యూ శాఖ మొత్తాన్ని అతనికి అప్పగించారు. భూమి సర్వే, సెటిల్‌మెంటు పనులకు రూపకల్పన చేసే అవకాశం లభించింది. నజీర్ అహ్మద్ అంతకుముందే భారత శిక్షాస్మృతిని ఉర్దూలోకి అనువదించి, నవలాకారుడుగా పేరు పొందినవాడు. ఆ తర్వాతి కాలంలో ఖుర్ఆన్‌ను ఉర్దూలోకి అనువదించినవాడూ ఆయనే. అటువంటి విద్వాంసుడు దక్కనులో రెవిన్యూ అధికారిగా పనిచేయడానికి అంగీకరించాడంటే ఆ కొలువుకు అప్పుడున్న గౌరవం అర్థమవుతుంది.

జీతం మనిషిని ద్వారం దాకా రప్పించగలదు. లోపల నిలిపేది పనిలో దొరికే గౌరవం, పై అధికారి చూపే నమ్మకం, పొరపాటు జరిగితే న్యాయంగా విచారిస్తారన్న భరోసా.

కొలువు విడిచిన కారణాలు

ఈ మాటకు రుజువు సాలార్‌జంగ్ మరణం తర్వాతి సంఘటనలలోనే ఉన్నది. 1883 ఫిబ్రవరి 8న ఆయన కలరాతో హఠాత్తుగా మరణించాడు. మరుసటి సంవత్సరం ఆరవ ఆసఫ్‌జా మహబూబ్ అలీ ఖాన్ అధికారం స్వీకరించాడు. సాలార్‌జంగ్ కుమారుడు దీవాన్ అయినా 1887లో తప్పుకున్నాడు. దర్బారులో ముఠాలు బలపడ్డాయి. రెసిడెంటు జోక్యం పెరిగింది. నజీర్ అహ్మద్ ఢిల్లీ చేరుకున్నాడు. విఖారుల్‌ముల్క్ 1892లో, మొహ్సినుల్‌ముల్క్ 1893లో హైదరాబాదు విడిచారు. ఆ తర్వాత వారిద్దరి శక్తిసామర్థ్యాలు అలీగఢ్ విద్యాసంస్థకు ఉపయోగపడ్డాయి.

వారు వెళ్ళిపోయినది జీతం తగ్గినందుకు కాదు. ఎవరి మాట ఏ రోజు చెల్లుతుందో, ఎవరిపై ఏ నింద ఎప్పుడు పడుతుందో తెలియని పరిస్థితి ఏర్పడినందుకు. సాలార్‌జంగ్ జీతాలకు ఖజానాను ఏర్పాటు చేశాడు. నమ్మకానికి మాత్రం తన సొంత వ్యక్తిత్వమే ఖజానాగా ఉండేది. ఆయన పోగానే అది ఖాళీ అయింది. వ్యక్తి మీద ఆధారపడిన న్యాయం వ్యక్తితోనే పోతుంది. దానిని నియమంగా మార్చి పోవడం గొప్ప పాలకునికైనా కష్టమైన పని.

సంస్కరణ ఆగిన చోటు

ఈ చరిత్రలో మరొక పక్క కూడా ఉన్నది. దానిని దాచడం సత్యానికి ద్రోహం.

బయటి నుండి వచ్చినవారు ఉన్నత పదవులను అలంకరించగా, స్థానికులలో అసంతృప్తి పెరిగింది. తమ ఇంట్లో తామే అతిథులమయ్యామని ముల్కీలు వాపోయారు. ఆరోపణలన్నీ నిజం కాకపోవచ్చు. కాని ఎంత కష్టపడినా పైమెట్టు తనది కాదని తెలిసిన ఉద్యోగికి ఉత్సాహం ఎక్కడి నుండి వస్తుంది? మెహ్దీ అలీని మీర్జాపూర్ నుండి తరిమిన గోడే హైదరాబాదులో స్థానిక యువకుని ముందు లేచింది. ముల్కీ నిబంధనలు ఈ ఆవేదన నుండే పుట్టాయి. 1919 ఫర్మానాతో అవి స్థిరపడ్డాయి. 1969 తెలంగాణ ఉద్యమానికి, 1972 జై ఆంధ్ర ఉద్యమానికి ఆ నిబంధనల వివాదమే ఒక ముఖ్య కారణమైంది.

భాష మరొక అడ్డు. కార్యాలయ భాష పారశీకం, 1880లలో దాని స్థానంలోకి వచ్చినది ఉర్దూ. తెలంగాణ రైతు మాట్లాడేది తెలుగు. తన భాషలో అర్జీ పెట్టుకోలేని ప్రజలకు అధికారి నిజాయితీ సగమే అందుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన లోపం కింది మెట్టులో ఉన్నది. జీతం, లెక్క అనే క్రమం తహసీల్దారు కచేరీ దాకా వచ్చి ఆగిపోయింది. జాగీర్లు, సర్ఫెఖాస్ భూములు ఈ సంస్కరణల పరిధికి దూరంగానే ఉండిపోయాయి. వసూళ్ళ నుండి తప్పింపబడిన దేశ్‌ముఖ్‌లకు రుసుములు మంజూరైనాయి. వారి పెత్తనం మాత్రం తగ్గలేదు. గ్రామంలో పటేలు, పట్వారీల వతన్లు వంశపారంపర్యంగానే కొనసాగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి గ్రామోద్యోగాలు రద్దయినది 1984లోనే. వీరందరికంటె కింద వెట్టివాడు ఉన్నాడు. దౌరాకు వచ్చిన అధికారి సామాను మోసినది, గుర్రానికి గడ్డి కోసినది, తపాలా చేరవేసినది అతడే. పై అధికారికి పూర్తి జీతం అందింది. ఆ అధికారి పని జరగడానికి కింద ఒకడు కూలి లేకుండా చాకిరీ చేశాడు. ఆ కూలి ఎగవేత పర్యవసానమేమిటో 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం లోకానికి చూపించింది.

నేర్వవలసిన పాఠం

సాలార్‌జంగ్ జీవితాంతం బేరారును తిరిగి సాధించాలని తపించాడు. 1876లో ఇంగ్లండు కూడా వెళ్ళాడు. ఫలితం లేకపోయింది. 1902లో ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు బేరారు శాశ్వతంగా బ్రిటిష్‌వారి పరమైంది. సకాలంలో చెల్లించని జీతానికి ఎంత మూల్యం! ముప్పై సంవత్సరాల మంచి పాలన కూడా ఆ నష్టాన్ని పూడ్చలేకపోయింది.

ఈ పాఠం రాజ్యాలకే పరిమితం కాదు. మస్జిద్ ఇమాముకు, ముఅజ్జిన్‌కు, మదర్సా ఉపాధ్యాయునికి ఇచ్చే జీతం విషయంలో ఖిద్మత్ అన్న పవిత్ర పదాన్ని అడ్డుపెట్టుకునే సంస్థలు తక్కువేమీ కాదు. చందా రాలేదు గనుక ఈ నెల ఓపికపట్టమంటారు. సమర్థుడు మరొక బతుకుతెరువు చూసుకుని వెళ్ళిపోతే చిత్తశుద్ధి లోపించిందని అతన్నే నిందిస్తారు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశం బజారు కూలికి ఎంత వర్తిస్తుందో ధర్మసేవకునికీ అంతే వర్తిస్తుంది. అబూబక్ర్ (రజి) అంతటివారికి భృతి నిర్ణయించిన సహాబాలు ఆయన చిత్తశుద్ధిని శంకించలేదు. తమ బాధ్యతను గుర్తించారు, అంతే.

కొలువు ఒక అమానతు. ఆ అమానతు ఉద్యోగి చేతిలో ఎంత ఉన్నదో, అతన్ని నియమించినవారి చేతిలోనూ అంతే ఉన్నది. సేవకుని నుండి నిజాయితీని కోరే ముందు అతని హక్కు అతనికి చేరిందా అని ప్రతి యజమాని, ప్రతి సంస్థ, ప్రతి ప్రభుత్వం తన లెక్క తాను చూసుకోవలసి ఉన్నది.